డిశ్చార్జి కాగితంలో టీవీ

నాన్న ట్రంకు పెట్టె అడుగున, రైల్వే పాసుల కట్ట కింద, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. 1978లో మద్రాసులోని ఒక సర్కారు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిస్తూ ఇచ్చినది. మడతల దగ్గర చిరిగి, సిరా వెలిసిపోయి, నాన్న పేరు కూడా సగమే మిగిలింది. చేసిన ఆపరేషన్ పేరు మాత్రం చెక్కుచెదరలేదు: టీవీ ప్లస్ జీజే.

పోయిన ఏడాది నాన్నకు రక్తం బాగా తగ్గింది. హిమోగ్లోబిన్ 8కి దిగింది. పెరంబూరులో మా ఇంటి దగ్గరున్న ఒక క్లినిక్కుకు తీసుకెళ్తే, ఆ కాగితం చూసిన కుర్ర డాక్టరు నా వైపు తిరిగి, టీవీ అంటే ఏమిటని అడిగారు. ఆయన పుట్టేనాటికే ఆ ఆపరేషన్ పాతబడిపోయింది కనుక ఆయనను అనడానికి లేదు. నాన్న మాత్రం ఊరుకోలేదు. "మద్రాసుకు టీవీ వచ్చి అప్పటికి మూడేళ్లే అయింది. అందరూ ఇంట్లో పెట్టుకుంటే నాకు కడుపులో పెట్టారు" అన్నాడు, తన నెల్లూరు యాస తమిళంలో.

టీవీ అంటే ట్రంకల్ వేగాటమీ. మెదడు అడుగున మొదలై, మెడ మీదుగా ఛాతీలోకి దిగి, అన్నవాహికను అంటిపెట్టుకుని పొట్టలోకి వచ్చే వేగస్ నరాన్ని అక్కడే, జీర్ణాశయం గుమ్మం దగ్గరే కోసేయడం. ముందున్న కాండం ఒకటి, వెనకున్న కాండం ఒకటి, రెండూ. జీజే అంటే గాస్ట్రోజెజునాస్టమీ. జీర్ణాశయానికి పక్కన ఇంకో దారి తెరిచి దాన్ని చిన్నపేగుకు కుట్టడం. ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, లేచిన పుండుకు చేసిన ఆపరేషన్ ఇది. నరం కోస్తే ఆమ్లం తగ్గుతుంది, ఆమ్లం తగ్గితే పుండు మానుతుందన్నది లెక్క. నాన్నకు అప్పుడు 34 ఏళ్లు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా అన్నయ్య కొడుకు. వాడు హౌస్‌సర్జన్. తాతయ్య కాగితం చూసి, "పుండుకు కారణం క్రిమి అయితే నరం కోయడమేమిటి అత్తా? ఇది వైద్యమా, కసాయి పనా?" అన్నాడు. అదే వారంలో, పార్కులో మా ఆడవాళ్ల గుంపుకు ప్రాణాయామం చెప్పే ఆవిడ, వేగస్ నరాన్ని నిద్రలేపితే సర్వరోగాలూ పోతాయని సెలవిచ్చింది. ఒకరికేమో ఆ నరం జోలికి వెళ్లడమే పాపం, ఇంకొకరికి ఆ నరమే దేవుడు. నలభై ఏడేళ్లుగా ఆ నరం లేని కడుపుతో బతుకుతున్న మనిషి ఇంట్లో ఉండగా ఈ రెండు మాటలూ నాకు రుచించలేదు. ఆ ఆపరేషన్ చేసినవాళ్లు మూర్ఖులు కారు. వాళ్లు వేసిన లెక్క సరైనదే. చేసినదాన్ని రోగికి గాని, తర్వాతి డాక్టర్లకు గాని అర్థమయ్యేలా చెప్పకుండా రెండు అక్షరాల్లో ముగించేశారు. నా తగాదా దాని మీదే.

ముందు లెక్క సంగతి. నేను ఇక్కడి ఒక కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా పావ్లోవ్ కుక్కల పాఠం చెప్పేదాన్ని. గంట కొడితే లాలాజలం ఊరిన కుక్క అందరికీ తెలుసు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది ఆ గంటకు కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్క గొంతు దగ్గర అన్నవాహికను బయటికి తెరిచిపెట్టాడు. అది ఎంత తిన్నా మాంసం కింద పడిపోతుంది, పొట్టలోకి ఒక్క ముక్క వెళ్లదు. అయినా ఐదారు నిమిషాల్లో పొట్టకు అమర్చిన గొట్టంలోంచి జఠరరసం ధారగా వచ్చేది. వేగస్ నరాలు రెండూ కోస్తే, కుక్క అంతే ఆబగా తింటున్నా రసం రాలేదు. తిండి చేరకముందే తిండి కబురు చేరవేసేది ఆ నరమేనని అలా తేలింది. (ఆ ప్రయోగశాలలో కుక్కల నుంచి తీసిన రసాన్ని అజీర్ణానికి మందుగా అమ్మేవారు కూడా. ఈ ముక్క చెప్పినప్పుడు మాత్రం వెనక బెంచీలు మేలుకునేవి.) ఏటా బల్ల మీద ఆ బొమ్మ గీసి, సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకు అన్నం వడ్డించాను. ఆ బొమ్మలోని రెండో కుక్క మా నాన్నే అన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

నరం కోస్తే ఆమ్లం పూర్తిగా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. మా మేనల్లుడూ అలాగే అనుకున్నాడు. ఆగదు. జీర్ణాశయం గోడలో ఆమ్లం చేసే పెరైటల్ కణాలకు మూడు వైపుల నుంచి ఆజ్ఞలు అందుతాయి. వేగస్ కొసల నుంచి అసిటైల్‌కోలిన్, జీర్ణాశయం దిగువ భాగం రక్తంలోకి వదిలే గాస్ట్రిన్, పక్కనే ఉన్న కణాలు చిమ్మే హిస్టమిన్. నరం కోస్తే మొదటిది పోతుంది, తక్కిన రెండూ ఉంటాయి. ఏమీ తినకుండా ఉన్నప్పుడు ఊరే ఆమ్లం ఇంచుమించు 80 శాతం తగ్గుతుంది. మందు ఇచ్చి బలవంతాన ఊరిస్తే వచ్చే ఆమ్లం దాదాపు సగానికి పడుతుంది. మిగతా సగం అలాగే ఉంటుంది.

నాకు బాగా నచ్చే విషయం ఇక్కడ ఒకటుంది. ఈ ఆపరేషన్ తర్వాత రక్తంలో గాస్ట్రిన్ తగ్గదు, పెరుగుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం నిండితే గాస్ట్రిన్‌కు పగ్గం పడుతుంది. ఆమ్లం తగ్గేసరికి ఆ పగ్గం వదులవుతుంది. ఆజ్ఞ ఇచ్చేది ఎక్కువైంది, అయినా పని సగమే జరుగుతోంది. ఎందుకంటే ఆ మూడూ విడివిడిగా పనిచేసేవి కావు. ఒకటి తోడుంటేనే రెండోదాని మాట గట్టిగా వినపడుతుంది. నరం కుళాయి కాదు, తక్కిన రెండింటికీ చెవి పెట్టించేది. దాన్ని తీసేస్తే కణానికి కాస్త చెవుడు వస్తుంది.

సగం తగ్గితే పుండు మానుతుందా అంటే, ఆ 80 శాతం సంగతి మరిచిపోకూడదు. ఆంత్రమూలంలో పుండు ఉన్నవాళ్లకు నొప్పి అన్నం తిన్నప్పుడు కాదు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక వస్తుంది. నా చిన్నతనంలో నాన్న రాత్రి రెండు గంటలకు లేచి, వంటింట్లో చీకట్లో మజ్జిగన్నం తింటూ ఉండేవాడు. దీపం వేస్తే మేము లేస్తామని. గిన్నె చప్పుడుకు నేను లేచేదాన్ని, లేవనట్టు పడుకునేదాన్ని. షికాగోలో లెస్టర్ డ్రాగ్‌స్టెట్ అనే సర్జన్ పట్టుకున్నది సరిగ్గా ఈ రాత్రి సంగతే. పుండు ఉన్నవాళ్ల కడుపులోంచి రాత్రంతా గొట్టంతో రసం తీసి కొలిస్తే, తిండి లేకుండానే విపరీతంగా ఊరుతోంది. తిండి లేనప్పుడు ఊరించేది నరమే కదా అని 1943లో దాన్ని కోశాడు. రాత్రి ఆమ్లం పడిపోయింది, నొప్పి పోయింది. మా ఇంట్లోనూ అంతే. ఆపరేషన్ తర్వాత వంటింట్లో గిన్నె చప్పుడు మళ్లీ వినలేదు. నరం కోయడం కసాయి పని అన్నప్పుడు వాడికి నేను చెప్పిన మొదటి జవాబు ఇదే.

కోసిన నరం నిజంగా పూర్తిగా తెగిందా లేదా అని చూడటానికి ఒక పరీక్ష ఉండేది. నాన్నకు అది బాగా గుర్తుంది. ముక్కులోంచి గొట్టం వేసి, సూది ఇచ్చి పడుకోబెట్టారట. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, వణుకు, ప్రాణం పోతున్నంత నీరసం. "ఆపరేషన్ కన్నా ఆ సూదే నన్ను చంపింది" అని ఇప్పటికీ అంటాడు. అది ఇన్సులిన్. రక్తంలో చక్కెర బాగా పడిపోతే మెదడు గాభరాపడి, వేగస్ ద్వారా కడుపుకు ఆమ్లం ఊరించమని కబురు పంపుతుంది. గొట్టంలోంచి ఆమ్లం వస్తే ఎక్కడో ఒక పోగు మిగిలిపోయినట్టు. రాకపోతే తీగ తెగినట్టు. మిగిలిపోయే పోగుల్లో వెనక కాండం నుంచి చాటుగా వెళ్లే ఒకదానికి సర్జన్లు నేరస్థ నరం అని పేరే పెట్టారు. అది దొరక్కపోతే పుండు మళ్లీ వస్తుంది మరి.

ఆమ్లం గురించి ఇంత మాట్లాడుకున్నవాళ్లు పెప్సిన్‌ను ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. పుండు చేసేది ఆమ్లం ఒక్కటే కాదు. మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్, అదుపు తప్పితే మన గోడనే కొరుకుతుంది. అది మొదట పెప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో వేరే కణాల నుంచి వస్తుంది. ఆ కణాలను కదిలించేది కూడా ప్రధానంగా వేగస్సే. విడుదలయ్యాక దాన్ని మేలుకొలిపేది ఆమ్లం. పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 దగ్గర అది చురుగ్గా పనిచేస్తుంది, 5 దాటితే ఇంచుమించు ముడుచుకుపోతుంది. అంటే నరం కోస్తే పెప్సిన్‌కు రెండు దెబ్బలు. విడుదలయ్యేదే తక్కువ, ఆ తక్కువకు దొరికే పులుపూ తక్కువ. 1943 నాటి ఆపరేషన్ ఒక్క కోతతో ఈ రెండింటినీ తగ్గించింది. ఇప్పటి మాత్రలు ఆమ్లాన్ని మూసేసి, పెప్సిన్‌ను చేతులు కట్టుకుని కూర్చోబెడతాయి. దారులు వేరు.

అయితే అరుగుదల పాడవదా? ఇది మా అమ్మ బెంగ. ఆపరేషన్ అయిన కొత్తలో పప్పు కూడా వడకట్టి పెట్టేది. పెప్సిన్ చేసేది మాంసకృత్తుల పనిలో చిన్న వాటా. పెద్ద పని చిన్నపేగులో క్లోమరసం చేస్తుంది. ట్రంకల్ కోతలో క్లోమానికి వెళ్లే కొమ్మలూ తెగుతాయి కాబట్టి, భోజనం చేసినప్పుడు వచ్చే క్లోమ ఎంజైములు కూడా తగ్గుతాయి. కానీ క్లోమం గొప్ప పొదుపరి. దాని ఎంజైముల ఉత్పత్తి పదో వంతుకు పడిపోతే గాని కొవ్వు అరగకుండా బయటికి పోవడం మొదలవదు. నాన్న ఇన్నేళ్లుగా చేపల పులుసు తింటూనే ఉన్నాడు, బక్కపలచగా ఉన్నా గట్టిగానే ఉన్నాడు. ఎంజైము సిరప్‌ల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు నాన్న గుర్తొస్తాడు.

అసలు చిక్కు రసాలతో కాదు, కదలికతో వచ్చింది. వేగస్ రసాలనే కాదు, జీర్ణాశయం నలిపే పనినీ నడిపిస్తుంది. పై భాగం తిండికి చోటిచ్చి సాగుతుంది, కింది భాగం రుబ్బుతుంది, చివరి ద్వారం కొంచెం కొంచెంగా వదులుతుంది. నరం పోతే పై భాగం సాగదు, కింది భాగం రుబ్బదు, ద్వారం సమయానికి తెరుచుకోదు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో లాటర్జె 1922లోనే ఈ సంగతి గమనించి, నరం కోసినప్పుడు కొత్త దారి కూడా కుట్టాలన్నాడు. డ్రాగ్‌స్టెట్ మొదట నరం ఒక్కటే కోసి, కొందరికి తిండి కడుపులోనే నిలిచిపోవడం చూశాక ఆ దారికే వచ్చాడు. కాగితంలో ప్లస్ జీజే అని ఉన్నది అందుకే.

మా మేనల్లుడు ఇక్కడ ఇంకో అస్త్రం తీశాడు. 1970లోనే లీడ్స్‌లో, కోపెన్‌హాగెన్‌లో ఆమ్లం చేసే భాగానికి వెళ్లే సన్న పోగులను మాత్రమే కోసి, రుబ్బే భాగానికి వెళ్లే కొమ్మను వదిలేసే పద్ధతి వచ్చింది కదా, తాతయ్యకు అదెందుకు చేయలేదని. ఆ కొమ్మ చివర కాకి పాదంలా చీలి ఉంటుంది. దాన్ని ముట్టుకోకపోతే కొత్త దారి అక్కర్లేదు. మంచి ప్రశ్నే. కానీ నాన్నకు ఏళ్ల తరబడి పుండు మానుతూ రేగుతూ ఆంత్రమూలం మూసుకుపోయింది. నిన్న మధ్యాహ్నం తిన్న అన్నం ఇవాళ వాంతిలో వచ్చేది. ఎలాగూ దారి కుట్టాల్సిందే. అటువంటప్పుడు గంటల తరబడి పోగు పోగూ ఏరడం కన్నా కాండాన్నే కోయడం తప్పు కాదు. పైగా పోగులు ఏరే పద్ధతిలో పుండు తిరగబెట్టడమూ ఎక్కువే.

దక్షిణాదిలో ఈ జబ్బు ఎంత ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఎవరెస్టు ఎక్కడానికి 1922లోనూ 1924లోనూ వచ్చిన బ్రిటిష్ బృందాల్లో ఉన్న సోమర్‌వెల్ అనే సర్జన్, తిరువాన్కూరులోని నెయ్యూరులో ఏళ్ల తరబడి ఉండి ఈ పుండ్లకు ఎన్నో ఆపరేషన్లు చేశాడు. మైసూరులో పనిచేసిన ఫ్రాంక్ టోవీ, గోధుమ తినే పంజాబు కన్నా వరి తినే ప్రాంతాల్లో ఈ పుండు ఎక్కువని గమనించి, ఆ ఆరాలోనే జీవితమంతా ఉన్నాడు. మా నెల్లూరు జిల్లాలోనైతే రోగికి పుండు అనగానే మద్రాసు బండి ఎక్కించడమే. బంధువులు చెప్పే కారణాలు మాత్రం రెండే: కారం, కోపం. నాన్న కారం మానేశాడు. కోపం ఎప్పుడూ లేదు కాబట్టి మానలేకపోయాడు.

తర్వాత తెలిసినది అందరికీ తెలిసిందే. 1976లో ఇంగ్లండులో సిమెటిడిన్ వచ్చి హిస్టమిన్ దారిని మాత్రతోనే మూసింది. 1980ల చివరికి ఒమెప్రజోల్ వచ్చి ఆమ్లం పంపునే ఆపింది. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ ఈ పుండ్లకు కారణమైన హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే ఆ వంకర క్రిమిని పట్టుకుని 2005లో నోబెల్ అందుకున్నారు. రెండు వారాల మందులతో పోయే జబ్బుకు మా నాన్న పొట్ట కోయించుకున్నాడు. నిజమే. కానీ 1978లో, దారి మూసుకుపోయి రోజూ వాంతి చేసుకుంటున్న మనిషికి, రానున్న నోబెల్ బహుమతి కోసం ఆగమని ఎవరు చెబుతారు? ఆమ్లం లేకపోతే పుండు లేదన్న 1910 నాటి మాట కూడా అబద్ధమైపోలేదు. క్రిమి ఉన్నా, గోడను తినడానికి ఆమ్లమూ పెప్సినూ కావాల్సిందే. నరం కోసినవాళ్లు కారణాన్ని కాక దారిని కొట్టారు. పుండు మానింది.

ఇప్పుడు నా తగాదా. ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. వాళ్ల కడుపు మామూలు కడుపు కాదు. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఆమ్లం కావాలి, అది ఎక్కువగా పట్టేది ఆంత్రమూలంలో. నాన్న కడుపులో ఆమ్లం సగం, తిండి చాలావరకు కొత్త దారిన పోతుంది, ఆంత్రమూలాన్ని తాకదు. బీ12 విటమిన్‌ను ఆహారం నుంచి విడదీసేవి ఆమ్లం, పెప్సిన్. రెండూ తక్కువే. ఇవన్నీ ఏడాదిలో బయటపడవు, ఏళ్లు పడుతుంది. అప్పటికి రక్తం తగ్గితే వయసు అంటారు, కాళ్లు తిమ్మిరెక్కితే వయసు అంటారు. నాన్నకూ అలాగే అన్నారు, ఒక చోట కాదు మూడు చోట్ల. మూడు చోట్లా ఇనుము మాత్ర ఇచ్చి, అది పడకపోతుందేమోనని పరగడుపున ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్ర కూడా రాశారు. సగం ఆమ్లంతో నడుస్తున్న కడుపుకు ఆ సగమూ లేకుండా చేసి, ఆమ్లం ఉంటే గాని సరిగా పట్టని ఇనుము మింగించడం. ఆరు నెలలు మింగాడు. రక్తం అంగుళం కదల్లేదు.

నాకు కోపం వచ్చింది ఆ డాక్టర్ల మీద కాదు, నిజానికి నా మీదే. పెట్టెలోని కాగితం ముందే తీసి ఉంటే, అదేమిటో చదివి ఉంటే. చివరికి ఒక పెద్ద వయసు కడుపు డాక్టరు కాగితం చూడగానే, "ఓ, ఇంకా ఉన్నారా మీలాంటివాళ్లు" అని నవ్వి, ఎండోస్కోపీ చేసి కుట్టు దగ్గర పుండు లేదని చూసుకుని గ్యాస్ మాత్ర ఆపేశారు. బీ12 సూదులు రాశారు, ఇనుము సెలైన్‌లో ఎక్కించారు. మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 11 దాటింది. (ఇది చదివి ఇంట్లో పెద్దవాళ్ల మాత్ర మీరే ఆపేయకండి. కుట్టిన చోట కొత్త పుండు లేచేవాళ్లూ ఉంటారు, వాళ్లకు ఆ మాత్రే రక్ష. చూసి చెప్పాల్సింది డాక్టరు.)

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు. రుబ్బని కడుపులో, ఆమ్లమూ పెప్సినూ తక్కువున్న కడుపులో, పీచు ఉండలు కట్టి అడ్డం పడుతుందట. నారింజ తొనల తొక్కలు, నమలని పీచు. నాన్న ప్రాణం తాటి తేగల మీద. సంక్రాంతికి పెరంబూరు వీధుల్లో పనంకిళంగు కట్టలు అమ్మకానికి రాగానే పిల్లాడిలా సంచి తీస్తాడు. నమిలి, రసం మింగి, పీచు ఉమ్మేయమన్నాను. "పావ్లోవ్ కుక్కలాగానా?" అన్నాడు. పాఠం ఎప్పుడు విన్నాడో. లాలాజలం నరాలు వేరు, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే నోరు ఇప్పటికీ ఊరుతుంది, కడుపుకే ఆ కబురు అందదు.

ఆదివారం నాన్న ఫైలు మొదటి పేజీకి ఒక అట్ట అంటించాను. ఆపరేషన్ పేరు పూర్తిగా, ఏడాది, ఏ నరం కోశారు, ఏ దారి కుట్టారు, బీ12 ఎన్ని నెలలకు, ఇనుము ఎలా. తెలుగులోనూ తమిళంలోనూ. ఇంగ్లీషు మా మేనల్లుడు రాశాడు, టీవీ అన్న పొట్టి పేరు కొట్టేసి మరీ. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, వేలు పెట్టి కింద ఖాళీ చూపించాడు.

"ఆ సూది సంగతి రాయలేదేం?"